దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు

మొన్న మెల్‌బోర్న్ దగ్గర క్లైడ్ నార్త్‌లో మా మేనకోడలి కొత్తింటి ప్రార్థనకు వెళ్ళాను. భోజనాల దగ్గర, యూనిలో ఈ మధ్యే చేరిన పిల్లలు కొందరు పళ్ళాలు పట్టుకుని నా పక్కన చేరారు. అందులో ఒకమ్మాయి బిర్యానీ కెలుకుతూ, "ఆంటీ, ఫస్ట్ సెమ్‌లో మీకు హోమ్‌సిక్ రాలేదా? ఎలా మేనేజ్ చేశారు అసలు?" అని అడిగింది.

"ఈ ఊళ్ళో నీకిష్టమైనవి నాలుగు ఏరుకో తల్లీ. మిగతాది దానంతటదే సర్దుకుంటుంది" అన్నాను.

వీసా గురించో, సీవీ గురించో ఏదైనా చెబుతాననుకుందేమో, నా మొహంలోకి జాలిగా చూసింది. తప్పు ఆ పిల్లది కాదు. మొదటిసారి విన్నప్పుడు నేనూ అలాగే చూశాను. ఈ మాట నాది కాదు. కోపెన్‌హాగెన్ నుంచి వచ్చి సిడ్నీలో రొట్టెలు కాల్చుకుని బతికిన ఒక పెద్దాయనది. నేను చదవడానికి వచ్చింది అకౌంటింగ్, మొన్న రిటైరయింది బేకరీ పని నేర్పే టీచరమ్మగా. మధ్యలో ఇలా దారి తప్పడానికి కారణం ఆయనే. ఆయన గురించి చెప్పాలంటే జాడీ గురించి చెప్పాలి, జాడీ గురించి చెప్పాలంటే స్కోఫీల్డ్స్ ఆంటీ గురించి చెప్పాలి. బిర్యానీ చల్లారేలోపు అయ్యేది కాదు కాబట్టి, ఆ పిల్లకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేం నలుగురు అమ్మాయిలం సిడ్నీలోని క్వేకర్స్ హిల్‌లో ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. యూనికి రెండు స్టేషన్ల అవతల ఉండేది ఆ బేకరీ. పని కావాలని వెళితే పెద్దాయన నాకు రొట్టె చేయడం వచ్చా అని అడగలేదు. పిండి చేతులు తుడుచుకుంటూ, "ఈ ఊళ్ళో నీకేది ఇష్టం?" అన్నాడు. వచ్చి రెండు నెలలైంది. చలి, ఒంటరితనం, ఉప్పూకారం లేని కూడు. "ఏమీ లేదు" అని నిజమే చెప్పేశాను. ఉద్యోగం గాలికి పోయిందనుకున్నాను. ఆయన మాత్రం, "సోమవారం రా. శుక్రవారానికి ఒక్కటైనా వెతుక్కుని ఉండాలి" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆ కొట్లో ఒక పద్ధతి ఉండేది. పట్టపగలు బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, అందరికీ కాఫీ పోసి, ఈ వారం నీకు నచ్చిందేమిటని వరసగా అడిగేవాడు. తనవన్నీ కోపెన్‌హాగెన్‌వే. వానలో సైకిలు మీద వంతెన దాటడం. గడ్డకట్టే సముద్రంలో పొద్దున్నే దూకి, నీలుక్కుపోయి పైకొచ్చి వేడి కాఫీ తాగడం. చెరువు గట్టు మీద ఒక ఫలానా బెంచీ, దాని మీద కూచుని నల్ల రొట్టె ముక్క మీద ఊరబెట్టిన చేప పెట్టుకుని తినడం. చలికాలంలో సూర్యుడు ఎంతకీ లేవడని టిఫిను దగ్గర కూడా కొవ్వొత్తి పెట్టుకోవడం. ఆయన ఆ ఊరు వదిలి ముప్పయ్యేళ్ళు దాటినా, నిన్న సాయంత్రమే బయల్దేరి వచ్చినట్టు చెప్పేవాడు. వింటూ వింటూ ఆ ఊరి సందులన్నీ నాకే తెలిసినట్టు అయిపోయింది.

నేను నా మొదటి శుక్రవారం తల బద్దలు కొట్టుకుని, "వేడి చిప్స్ మీద చల్లే చికెన్ సాల్ట్" అన్నాను. ఈ దేశం వచ్చాక నా నాలుకను కాస్తయినా లేపింది ఆ మసాలా ఉప్పొక్కటే. పెద్దాయన అంత గంభీరంగా తలూపాడంటే, ఏదో పరీక్ష పాసయినట్టు అనిపించింది. తర్వాత డబుల్ డెక్కర్ రైల్లో పైఅంతస్తు కిటికీ సీటు వచ్చింది. లైబ్రరీలో హీటర్ పక్కన మూల వచ్చింది. తెల్లవారుజామున ఓవెన్ తలుపు తెరవగానే మొహానికి తగిలే వేడి వచ్చింది. నాకు తెలియకుండానే ఊరు నాదవుతూ వచ్చింది.

నాతో పాటు ఆ కొట్లో కరీంనగర్ అమ్మాయి ఒకతె పనిచేసేది. మా ఇంట్లోనే పక్క గది. మాస్టర్స్ చదువుతూ, వారం పొడుగునా పరుగులు పెట్టేది. ప్రతి శుక్రవారం ఆమెది ఒకటే జవాబు: "నిద్ర సార్. గంతకన్న మంచిది ఇంకేముంది?" సగం తెలుగులోనే చెప్పినా ఆయనకు అర్థమయ్యేది.

ఇక జాడీ. నల్ల రొట్టె ఈస్టుతో చేసేది కాదు. పులిసిన పిండిలో కాస్త మిగుల్చుకుని, దానికి రోజూ రై అనే ధాన్యం పిండి, నీళ్ళు పోసి బతికించుకుంటూ, దాంతోనే మర్నాటి రొట్టె పులియబెడతారు. మన పెరుగు తోడు లాంటిదే. ఆయన జాడీలో ఉన్నది వాళ్ళమ్మ తోడు. ఓడ మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడట. అమ్మ పోయింది. అక్కడున్న చెల్లెలి దగ్గరున్నది కూడా ఎప్పుడో పాడైపోయింది. ఇక్కడ భార్య కూడా కాలం చేసింది. "నా వాళ్ళల్లో మిగిలింది ఇదొక్కటే. ఇది పోయిన రోజు కొట్టు మూసేస్తాను" అని నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వు నమ్మదగింది కాదని మాకు తెలుసు.

కాస్త తోడు ఇమ్మని ఒకసారి అడిగాను. మురిసిపోయి చిన్న సీసాలో వేసిచ్చాడు. "ఆకలితో చంపకు" అన్నాడంతే. దాంతో రొట్టె చేయడానికి మా ఇంటి ఓవెన్‌కు అంత శక్తి లేదు. నేను అట్లు పోశాను. కాస్త పుల్లగా, అంచులు కరకరలాడుతూ భలే వచ్చాయి. ఇంక ఊరుకుంటామా! తోడు అన్నాక పక్కింటికి పోకుండా ఉంటుందా! యూనిలో సీనియర్ ఒకాయన పట్టుకెళ్ళాడు. ఆదివారం ప్రార్థన దగ్గర కనబడ్డ ఇద్దరు ముగ్గురు తీసుకెళ్ళారు. స్కోఫీల్డ్స్ నుంచి కూరగాయలు తెచ్చిపెట్టే తెనాలి ఆంటీ చిన్న ఆవకాయ జాడీ తెచ్చుకుని మరీ వేయించుకుంది. ఇవన్నీ పెద్దాయనకు చెప్పాలని నాకు తోచలేదు. తోడు ఎవరికిచ్చామో లెక్క చెప్పుకునే అలవాటు మనకెక్కడిది?

ఆ ఏడు జూన్‌లో చలి బాగా ముదిరింది. డెన్మార్క్‌లో అప్పుడు నడివేసవి. అక్కడ వాళ్ళు సముద్రపు ఒడ్డున మంటలేసి పండగ చేసుకుంటారని, ఇక్కడ స్థిరపడ్డ డెన్మార్క్ వాళ్ళ, అదే డేన్ల సంఘం వాళ్ళు సిడ్నీ చలిలో గజగజ వణుకుతూ అదే పండగ చేసుకునేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం భోజనం. నల్ల రొట్టె పెద్దాయనదే ఉండాలి. ఆ రొట్టె కాల్చాక ఒక రోజు ఆరితే తప్ప కోతకు రాదు. అంటే శనివారం కాల్చాలి, శుక్రవారం సాయంత్రం పిండి పులియబెట్టాలి.

గురువారం కొట్టు కట్టేసేటప్పుడు జాడీలో బుడగలు లేవు. చలికి ముడుచుకుపోయింది. కరీంనగర్ అమ్మాయికి జాలేసింది. సిడ్నీ చలికాలంలో ఇడ్లీ పిండి పులవాలంటే మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? ఓవెన్‌లో పెట్టి తలుపు మూస్తాం. ఆమె కూడా అదే చేసింది. ఆర్పేసిన ఓవెన్‌లో ఇంకా గోరువెచ్చగా ఉంది కదా అని జాడీని లోపల పెట్టి, మూతి మీద బట్ట కప్పి, దానికి గుడ్‌నైట్ కూడా చెప్పి వచ్చింది.

శుక్రవారం పొద్దున పెద్దాయన మాకంటే ముందొచ్చాడు. ముప్పయ్యేళ్ళుగా చేసినట్టే లోపలికి చూడకుండా ఓవెన్ వెలిగించి, కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళాడు. మేం చేరేసరికి కొట్టంతా మాడు వాసన. జాడీ నిలువునా చీలిపోయి ఉంది. అందులో బొగ్గు ముద్ద.

అరిస్తే బాగుండేదనిపించింది. ఆయన అరవలేదు. పిండి బస్తా మీద కూచుని, "వెలిగించింది నేనే" అన్నాడు.

"పెట్టింది నేను సార్" అని ఆమె ఏడ్చింది.

"చూసుకోవలసింది నేను."

"పెట్టకపోతే మీరెందుకు చూసుకుంటరు?"

తప్పు నాదంటే నాదని వాళ్ళిద్దరూ పంచుకుంటుంటే నేను మధ్యలో నిలబడ్డాను. కాసేపటికి ఆయన లేచి, తలుపుకున్న బోర్డు తిప్పేశాడు. పండగ సంఘానికి ఫోన్ చేసి రొట్టె రాదని చెప్పడానికి రిసీవర్ ఎత్తి, నంబర్ తిప్పకుండానే పెట్టేశాడు. ఈస్టు వేసి చేద్దామా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ మాట పుండు మీద కారం చల్లడమే.

అప్పుడు వెలిగింది నాకు. "మా ఇంట్లో ఉంది కదా!" అన్నాను. ఆయన తలెత్తాడు. "నాలుగైదు ఇళ్ళల్లో ఉంది" అన్నాను. ఏ కళనున్నాడో, అన్ని ఇళ్ళకు ఎలా చేరిందని కూడా అడగలేదు. "పొండి" అన్నాడు.

ఇద్దరం ఇంటికి పరిగెత్తితే, మా రూమ్మేట్లు ఆ పొద్దున్నే సీసా అడుగంటా గీకి అట్లు పోసుకున్నారు. మిగల్చలేదేమే అంటే, "నువ్వు మళ్ళీ తెస్తావు కదే" అన్నారు. సీనియర్ గారు మెల్‌బోర్న్ వెళ్ళి రెండు వారాలైందట. ఆయన రూమ్మేట్ ఫ్రిజ్‌లోంచి తీసిచ్చిన సీసా తెరిస్తే గులాబీ రంగు బూజు. ప్రార్థన వాళ్ళకు ఫోన్లు చేశాను. ఒకామె పారేసింది, ఇంకొకామె ఎత్తలేదు. మిగిలింది స్కోఫీల్డ్స్ ఆంటీ. ఫోన్ మోగుతోంది గానీ ఎవరూ తీయరు. సరే, వెళ్ళి చూద్దామని రైలెక్కాం. అప్పట్లో స్కోఫీల్డ్స్ అంటే ఇప్పటి వరస ఇళ్ళు కాదు, గుర్రాలు మేసే బీళ్ళు, మధ్యమధ్య కొంపలు. రైలు ఎప్పుడొస్తే అప్పుడే. దిగి, నడిచి, ఆంటీ గడప తొక్కేసరికి పొద్దు కుంకింది.

ఆంటీ తలుపు తీసింది. చీర మీద స్వెట్టరు, కాళ్ళకు స్నీకర్లు. పొద్దంతా పెరట్లోనే ఉందట, ఫోన్ వినబడలేదట. వంటింటి గట్టు మీద ఆవకాయ జాడీ కనబడింది. మూత పక్కకు తోసుకుని పిండి పొంగి అంచు దాటుతోంది. కరీంనగర్ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

విషయమంతా విని ఆంటీ అయ్యయ్యో అంది. కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అంది కదా, "ఇస్తానమ్మా, ఎందుకివ్వను? రేప్పొద్దున్నే రండి, గిన్నెడు ఇస్తాను."

"రేపా! రాత్రికే కలపాలి ఆంటీ. సండే లంచ్ అది" అన్నాను.

"ఇప్పుడే దీపం పెట్టానే. దీపాలు పెట్టాక తోడు ఎలా ఇస్తాను?"

మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, చర్చిలో ఆవిడది ముందు వరస. అయినా సాయంత్రమైతే ఇరుగుపొరుగుకు తోడు, ఉప్పు, సూది ఇచ్చేది కాదు. ఇంట్లో లక్ష్మి సంగతి పాస్టరు గారికేం తెలుసు అనేది. కాబట్టి ఆంటీతో వాదించడానికి నాకు గుండె చాలలేదు.

"ఇది పెరుగు కాదు కద ఆంటీ, పిండి" అంది కరీంనగర్ అమ్మాయి.

"తోడు తోడేనమ్మా."

"దండం పెడ్త ఆంటీ. ఆ పెద్దమనిషి పొద్దటి సంది ముద్ద ముట్టలే. వాళ్ళమ్మది అది. నా చేతుల మీదనే పోయింది."

ఆంటీ దీపం వంక చూసింది, జాడీ వంక చూసింది, మా వంక చూసింది. పాపం, ఆవిడ కష్టం ఆవిడది. హాల్లో పేపరు వెనకనుంచి అంకుల్ గొంతు వినిపించింది. "ఇవ్వకూడదన్నారు గానీ, మనం పట్టుకెళ్ళకూడదని ఎవరన్నారే?"

ఆంటీ గట్టు మీది టవల్ అందుకుంది.

"అంతేగా" అంది ఆంటీ నెమ్మదిగా. "నా చేత్తో నేను వేసుకొస్తే ఇచ్చినట్టెలా అవుతుంది?" అంటూనే జాడీని టవల్‌లో చుట్టింది. "కారు తియ్యండి మరి, చూస్తారేం?"

దారంతా జాడీ ఆంటీ ఒళ్ళో. సీటు బెల్టు జాడీ చుట్టూ కూడా తిప్పి పెట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా అంకుల్‌కు తిట్లు.

కొట్లో పెద్దాయన లైట్లేవీ వేయకుండా, శుక్రవారం కొవ్వొత్తి ఒక్కటి వెలిగించుకుని కూచున్నాడు. ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది. "వీళ్ళూ పెట్టేశారే దీపం!" అంది నా చెవిలో. అది కొవ్వొత్తి ఆంటీ, లెక్కలోకి రాదు అని లోపలికి తోశాను.

ఆయన జాడీ మీదకు వంగి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఏం పెట్టి పెంచారు దీన్ని?" అన్నాడు.

ఆంటీ తన ఇంగ్లీషంతా కూడదీసుకుంది. "రైస్ ఫ్లోర్. మైదా. లిటిల్ లిటిల్ మెంతులు. గుడ్ ఫర్ స్టమక్!"

పెద్దాయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాం. నవ్వుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళూ ఉన్నాయి. జాడీ అందుకోవడానికి రెండు చేతులూ చాచాడు. ఆంటీ చటుక్కున వెనక్కి తీసుకుంది.

"నో, నో. ఐ నో గివ్. ఐ పుట్."

ఇప్పుడు దీన్ని ఈయనకు ఎలా వివరించను? చలికాలం ఒక సాయంత్రం, సిడ్నీ బేకరీలో నిలబడి, దీపం, లక్ష్మి, తోడు అంటూ నాకొచ్చిన ఇంగ్లీషులో ఏదో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ పిండి గిన్నెలో తోడు వేయడానికి తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వని మనిషి, ఒక అడుగు పక్కకు తప్పుకుని ఆంటీకి దారిచ్చాడు. ఆంటీ గాజులు పైకి తోసుకుని, చెంచాతో తీసి, పిండిలో వేసి, అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుంది.

శనివారం మధ్యాహ్నానికి రొట్టె పొంగింది. ఆదివారం సంఘం హాల్లో ముసలి డేన్లందరూ కోట్ల మీద కోట్లు వేసుకుని, నడివేసవి పాటలు పాడుకుంటూ కూచున్నారు. రొట్టె ముక్కలు పంచాక పాటలాగిపోయాయి. నమలడమే తప్ప మాటల్లేవు. ఒక పెద్దావిడ పెద్దాయన్ని పిలిచి, "ఏదో మార్చావు" అంది. "లేదు. కాస్త ఊళ్ళు తిరిగొచ్చిందంతే" అన్నాడాయన. ఆవిడ ఇంకో ముక్క కోసం పళ్ళెం చాచింది. మర్నాటినుంచి ఆ పండగ రొట్టె కావాలని కొట్టుకు వచ్చి అడగడం మొదలుపెట్టారు. ఎన్నిసార్లు రై పిండి పోసినా మెంతుల వాసన చాలాకాలం వదల్లేదు. వదిలాక, ఆయనే చిటికెడు వేయడం మొదలుపెట్టాడు.

ఆ వచ్చే శుక్రవారం కొవ్వొత్తి చుట్టూ కూచున్నాం. కరీంనగర్ అమ్మాయి నిద్ర మాట ఎత్తలేదు. "నేను సంపిన్ననుకున్నది బతికింది సార్. గదే" అంది. పెద్దాయన వంతు వచ్చింది. వంతెనా, సముద్రమా, బెంచీనా అని ఎదురుచూశాం. "కారులో ఒళ్ళో జాడీ పెట్టుకుని వచ్చిన ఆవిడ" అన్నాడు. కోపెన్‌హాగెన్ దాటి ఆయన నోటినుంచి మరో ఊరి మాట రావడం అదే మొదలు.

నేను చదువయ్యాక అకౌంట్ల ఆఫీసులో కొన్నాళ్ళు కూచుని, మనసు నిలవక తిరిగి పిండిలోకే వచ్చేశాను. తర్వాత ఎన్నో ఏళ్ళు ఈ పని నేర్పాను. ప్రతి బ్యాచ్‌కూ మొదటి పాఠం ఒకటే: మీ తోడు రోజూ పెంచండి, ఒక్క జాడీలోనే దాచుకోకండి, పక్కవాళ్ళకు పెట్టండి. ఓవెన్ వెలిగించే ముందు లోపలికి చూడండి అనేది రెండో పాఠం.

పెద్దాయన చివరికి కొట్టు అప్పగించేసి చెల్లెలి దగ్గరకు, తన ఊరికి వెళ్ళిపోయాడు. ఆంటీ ఇచ్చిన ఆవకాయ జాడీని ఒళ్ళో పెట్టుకునే విమానమెక్కాడు. అక్కడి చలికాలంలో ఒక శుక్రవారం ఫోన్ చేశాడు. ఊరు మారలేదా అని అడిగాను. బెంచీ ఉందన్నాడు. సముద్రంలో దూకే వయసు కాదన్నాడు. చెల్లెలి ఇరుగుపొరుగంతా ఆ తోడు కోసం వస్తున్నారట.

"ఇస్తున్నారా మరి?" అన్నాను.

"ఇక్కడ చలికాలం మూడున్నరకే దీపాలు పెట్టేస్తారు. ఆ తర్వాత ఎవరికీ ఇవ్వకూడదుగా" అన్నాడాయన, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు. "అందుకని నేనే జాడీ పట్టుకుని వాళ్ళిళ్ళకు వెళ్ళి వేసి వస్తున్నాను."